కెమెరా బ్యాగు సంగతి తర్వాత, ముందు తూకం కొనండి

"ఒక కెమెరా, మూడు లెన్సులతో మొదటిసారి యూరప్ వెళ్తున్నాను. పదివేల లోపు మంచి కెమెరా బ్యాగు ఏది?" అని అడిగారు. యూరప్ నేను చూడలేదు. నేను వెళ్లింది కెన్యా, 2018 ఆగస్టులో. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకుందనే అనుకుంటున్నా. విమానం ఎటు ఎగిరినా కౌంటర్ దగ్గర తూకం తూకమే కదా.

పదివేలు బ్యాగు మీద తగలెయ్యకండి. చేత్తో పట్టుకుని, బ్యాగును కొక్కేనికి తగిలించి తూచే చిన్న లగేజీ తూకం కొన్ని వందలకే వస్తుంది. మొదట అది కొనండి. మీ కెమెరా, లెన్సులు, చార్జరు, బ్యాటరీలు అన్నీ ఒక చేతిసంచిలో వేసి తూచండి. వచ్చిన అంకెను ఏడులోంచి తీసెయ్యండి. ఎకానమీ టికెట్‌కి చాలా విమాన సంస్థలు చేతిలో తీసుకెళ్లనిచ్చేది ఏడు కిలోలే. ఆ మిగిలిందే మీ బ్యాగు బరువు. బ్రాండు, రంగు, ఎన్ని అరలు అనేవన్నీ ఆ తర్వాతి సంగతులు.

నా లెక్క చెప్తా. అప్పట్లో నా దగ్గర నికాన్ డీ500 కెమెరా ఉండేది, బ్యాటరీతో 860 గ్రాములు. దానికి దూరపువి దగ్గరగా చూపే 200-500 లెన్సు, 2300. రెండో బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, డీ7200, 765. చిన్న లెన్సు 16-80, 480. ఇక్కడికే నాలుగు కిలోల నాలుగు వందలు దాటింది. బ్యాటరీలు, చార్జరు, కార్డులు కలిపితే అయిదుకు దగ్గర. అంటే బ్యాగుకు మిగిలింది రెండు కిలోలు. నా దగ్గరున్న 'ప్రొఫెషనల్' కెమెరా బ్యాగు ఖాళీగా తూస్తేనే మూడు కిలోలు దాటింది!

దాన్ని హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొన్నా. షాపు కుర్రాడు జిప్పు సర్రున లాగి, "సార్, రెండు బాడీలు, అయిదు లెన్సులు, ల్యాప్‌టాపు, వాటర్ బాటిల్, అన్నీ పడతాయ్" అన్నాడు. పడతాయి, అబద్ధం చెప్పలేదు. మరి మోసేదెవరు? యూట్యూబులో బ్యాగుల రివ్యూలు చేసేవాళ్లదీ ఇదే వరస. అరలు చూపిస్తారు, అయస్కాంతం గుండీ టక్కున పడే చప్పుడు మూడుసార్లు వినిపిస్తారు, ఖాళీ బ్యాగు బరువెంతో మాత్రం ఒక్కడూ తూచి చూపించడు. ఫ్రీగా వచ్చిన బ్యాగు కాబట్టి బరువు తెలియదేమో.

ఇక అసలు కథ.

నాది బ్యాంకు ఉద్యోగం. ఆదివారమొస్తే మంజీర, అనంతగిరి. చలికాలం రెండు రోజులు సెలవు దొరికితే కొల్లేరు దగ్గర ఆటపాకకో, నేలపట్టుకో పోయి గూడబాతుల, అదే పెలికాన్ పిట్టల, ఫోటోలు తీసుకునేవాణ్ని. ఈ జబ్బు మా బామ్మర్దికి నేనే అంటించా. వాడు పిల్లల డాక్టరు. చదువు ఎక్కువ, చేతిలో డబ్బూ ఎక్కువే. నేను పదేళ్లలో కొన్న సామాను వాడు ఒక్క దసరాకి కొన్నాడు. కెనాన్ 500 ఎఫ్/4 లెన్సు, అదొక్కటే మూడు కిలోల పైన. వాడు దాన్ని కొన్న రోజుల్లో ఆ డబ్బుకు మా ఊరి పొలిమేరల్లో చిన్న ప్లాటు వచ్చేది.

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్దామని ఖాయం చేసుకున్నాక ఒక రాత్రి ఫోన్ చేసి, "బావా, పెలికాన్ తెచ్చా" అన్నాడు. "ఏ చెరువు దగ్గర తీశావురా, ఫోటో పంపు" అన్నా. పిట్ట కాదట, పెట్టె. పెలికాన్ కంపెనీ గట్టి ప్లాస్టిక్ పెట్టె, 1510 నంబరుది. నల్లగా నిగనిగలాడుతుంది, కింద చక్రాలు, నీళ్లు పోవు, దుమ్ము పోదు. "పైనుంచి లారీ పోయినా పగలదు బావా" అన్నాడు. పగలదులే. కానీ మన లెన్సు మీదికి లారీ ఎందుకొస్తుంది?

నేను మాత్రం గుజరాతీ గల్లీ బ్యాగు లోపలి మెత్తటి డబ్బాను, అదే ఇన్సర్ట్‌ను, ఊడబీకి మా అమ్మాయి ఇంజనీరింగులో వాడి పారేసిన కాలేజీ బ్యాగులో పెట్టా. అడుగున నాలుగు మడతల లుంగీ. పైన చినుకు పడకుండా పాత గొడుగు గుడ్డతో మా వీధి టైలరు ఒక తొడుగు కుట్టిచ్చాడు. మొత్తం తూస్తే ఆరు కిలోల ఏడు వందలు. మా బామ్మర్ది దాన్ని చూసి, "టిఫిన్ డబ్బా ఏదీ బావా?" అని నవ్వాడు.

శంషాబాద్ కౌంటర్లోనే వాడి పెట్టెకు దెబ్బ పడింది. ఖాళీ పెట్టే ఆరు కిలోలకు దగ్గర. సామానుతో పన్నెండు. కౌంటర్లో ఉన్న అమ్మాయి మర్యాదగానే, "సార్, ఇది చేతిలోకి కుదరదు, చెక్‌ఇన్‌లో వెయ్యండి" అంది. తీరా వేద్దామంటే అందులో విడి బ్యాటరీలున్నాయి. విడి లిథియం బ్యాటరీలు కింద సామాన్ల అరలోకి పోకూడదు, చేతిలోనే ఉండాలి. మంట పుడితే క్యాబిన్‌లో ఆర్పడానికి మనుషులుంటారు, కింద ఎవరుంటారు? దాంతో వాడు లైనులో అందరి ముందూ నేలమీద పెట్టె తెరిచి, లోపలి ఫోమ్‌లోంచి ఒక్కొక్క బ్యాటరీ పీకి జేబుల్లో వేసుకోవడం మొదలెట్టాడు. వెనక నిలబడ్డ దుబాయి ప్రయాణికులు మమ్మల్ని చూసిన చూపు నాకింకా గుర్తుంది. బ్యాటరీలను జేబుల్లో అలా ఊరికే వేసుకోకూడదు కూడా. చివర్లకు ప్లాస్టిక్ మూత గానీ టేపు గానీ ఉండాలి, తాళంచెవో చిల్లరో తగిలితే షార్టవుతుంది. మామూలు కెమెరా బ్యాటరీ 14-16 వాట్ అవర్లే, నిబంధన వంద దాకా ఒప్పుకుంటుంది కాబట్టి పరిమితి దాటుతుందన్న భయం అక్కర్లేదు. పవర్‌బ్యాంకు పెద్దదైతే దాని మీది అంకె చూసుకోండి.

నైరోబీలో దిగేదాకా మా వాడికి నిద్ర లేదు. పెట్టె బెల్టు మీద వచ్చింది, గీత కూడా పడలేదు. అది ఒప్పుకోవాలి. "చూశావా బావా" అన్నాడు. చూశా.

మర్నాడు పొద్దున విల్సన్ విమానాశ్రయం. నైరోబీలో పెద్ద విమానాలు దిగేది ఒకచోట, మారాకు పోయే చిన్న విమానాలు ఎగిరేది ఇక్కణ్నించి. సెస్నా కారవాన్, ఒక్కటే ఇంజను, పదిమందికి కాస్త అటూ ఇటూ పడతారు. సామాను పెట్టేది దాని పొట్టకింద ఉన్న సన్నటి అరలో. మనిషికి పదిహేను కిలోలు, చేతిసంచితో కలిపి. పైగా మెత్తటి బ్యాగులే ఉండాలి. ఇదంతా టికెట్ కాగితంలో రాసే ఉంది. నేను చదివా. వాడు డాక్టరు, కాగితాలు రాయడమే గానీ చదవడం అలవాటు లేదు.

తూకం దగ్గరున్న పెద్దాయన బరువుతో పాటు ప్రతి బ్యాగునూ బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు, మామిడిపండు మాగిందో లేదో చూసినట్టు. నా కాలేజీ బ్యాగు నొక్కాడు, లోపలికి పోయింది, తలూపాడు. మా వాడి పెట్టె నొక్కాడు. పోలేదు. వేలి కణుపులతో టక్ టక్ అని కొట్టాడు. మా వాడి మొహం చూసి చిన్నగా నవ్వి, ఇది రాదు అన్నట్టు చెయ్యూపాడు. బరువు ఎక్కువైతే డబ్బు కట్టొచ్చు, మా వాడు పర్సు తీశాడు కూడా. కానీ గట్టిదనానికి డబ్బు కట్టే లెక్క అక్కడ లేదు. ఆ పెట్టె ఆ అరలో పట్టదు, అంతే.

విమానానికి అరగంటుంది. ప్లాస్టిక్ కవరు కొందామంటే కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. దొరికినా పట్టుకోవడం నేరం. ఆ సంగతి ముందే తెలిసే, దారిలో తినడానికి మా ఆవిడ మురుకులనూ పల్లిపొడినీ బట్ట సంచిలో సర్ది ఇచ్చింది. ఎవరిదో పెళ్లిలో తాంబూలంతో పాటు ఇచ్చిన సంచి. పసుపు రంగు, మీద ఎర్ర అక్షరాలతో 'శుభ వివాహం', కింద వధూవరుల పేర్లు, ముహూర్తం.

మురుకులు మమ్మల్ని దింపడానికి వచ్చిన డ్రైవరు చేతిలో పెట్టాం. ఆయన అక్కడే ఒకటి కొరికి, కళ్లు పెద్దవి చేసి, మిగతావి డ్యాష్‌బోర్డు మీద జాగ్రత్తగా పెట్టుకున్నాడు. కెమెరా లెన్సును నా లుంగీలో చుట్టి, దానిపైన తుండు, ఆపైన వాడి స్వెటర్ చుట్టి శుభ వివాహం సంచిలో దింపాం. మూతి కట్టడానికి వాడి బూటు లేసు. ఖాళీ పెట్టె డ్రైవరుతో పాటు నైరోబీలోనే నాలుగు రోజులు ఉండిపోయింది. ముప్పావుగంట ప్రయాణం, కింద రిఫ్ట్ లోయ కనబడుతోంది. పక్క సీటులో నిలువెల్లా ఖాకీ బట్టలేసుకున్న తెల్ల దంపతులు. మా బామ్మర్ది మాత్రం ఒళ్లో పెళ్లి సంచి పెట్టుకుని, చంటిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మట్టి రన్‌వే మీద దిగేటప్పుడు దాని మీదికి వంగిపోయాడు. లెన్సుకు ఏమీ కాలేదు.

మారాలో ఉన్న నాలుగు రోజులూ బ్యాగు ఎన్నిసార్లు తెరిచానో చెప్తే నమ్మరు. వచ్చిన రోజు, పోయే రోజు. జీపులో కెమెరా బ్యాగులో ఉంటే చిరుత వెళ్లిపోతుంది. కెమెరాలు రెండూ సీటు మీదే, పైన తడి తుండు. దుమ్ము అంత ఉంటుంది, లెన్సు మార్చే ధైర్యం రాదు, అందుకే రెండు బాడీలు. ట్రైపాడ్ అక్కడ దండగ, జంతువుల మధ్య బండి దిగనివ్వరు. దానికి బదులు కెమెరాను ఆనించుకునే బీన్‌బ్యాగు తొడుగును ఖాళీగా తీసుకెళ్లి, అక్కడి క్యాంపు వంటింట్లో బియ్యం అడిగి నింపుకున్నా. తిరిగొచ్చేటప్పుడు బియ్యం వాళ్లకే ఇచ్చేశా. మారా నది ఒడ్డున వైల్డ్‌బీస్ట్ అనే జంతువుల మందలు నది దాటడం కోసం నాలుగు గంటలు కూర్చున్నాం, మోచేతి కింద ఆ బియ్యం సంచే.

కాబట్టి కెమెరా బ్యాగు అనేది ఇంటినుంచి దిగేచోటిదాకా సామాను చేర్చే సాధనం. మీకు కావాల్సింది తేలికది, మెత్తటిది, చూస్తే కెమెరా ఉందని అనిపించనిది. మీరు వెళ్లేది యూరప్ కాబట్టి ఈ మూడోది మీకు మరీ ముఖ్యం. బార్సిలోనా, రోమ్ లాంటి చోట్ల జేబుదొంగల పేరు మీరూ వినే ఉంటారు. వీపువైపు జిప్పు తెరుచుకునే బ్యాగులు వస్తున్నాయి, మోస్తున్నప్పుడు వెనకనుంచి ఎవరూ తెరవలేరు, అలాంటిది కిలోన్నర లోపు దొరికితే కొనండి. కంపెనీ పేరు పెద్దగా ఉంటే నల్ల దారంతో కుట్టెయ్యండి. దేశాల మధ్య చవక విమానాలు ఎక్కేటట్టైతే ఇంకో తిప్పలు, చాలావాటిలో సీటు కింద పట్టే చిన్న బ్యాగు ఒక్కటే ఉచితం. అందుకే మూడు లెన్సుల్లో ఒకటి ఇంట్లో వదిలెయ్యండి. ఏది వదలాలో మీకు ఇప్పటికే తెలుసు, కొన్నాక నాలుగుసార్లు కూడా వాడనిది.

ఇంకొకటి, బ్యాగుతో సంబంధం లేదు గానీ చెప్పకపోతే నిద్రపట్టదు. వెళ్లేటప్పుడు మన విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. సామాను చూపిస్తే సీరియల్ నంబర్లు రాసిస్తారు. గంట ముందు వెళ్లాలి, సామాను చేతిలోనే ఉండాలి. మా పక్షి ప్రేమికుల గుంపులో ఒకాయన 'పాత కెమెరాయే కదా' అని ఊరుకున్నాడు. తిరిగొచ్చాక వేరే ఊళ్లో దిగితే, ఇది ఇక్కడే కొన్నదని రుజువేదీ అన్నారట. కొడుకు బీరువా వెతికి బిల్లు ఫోటో వాట్సాప్‌లో పంపేదాకా రెండు గంటలు బెంచీ మీదే.

మా బామ్మర్ది ఆ తర్వాత ఇంకో రెండు దేశాలు తిరిగాడు, కాలేజీ బ్యాగుతోనే. శుభ వివాహం సంచి కూడా తిరిగివ్వలేదు, లెన్సుకు కలిసొచ్చిందట. పెలికాన్ పెట్టె వాళ్లింట్లో మంచం కింద ఉంది. గాలి పోదు, తేమ పోదు కదా అని మా చెల్లెలు అందులో పట్టుచీరలు పెట్టుకుంది. మొన్న వరలక్ష్మీ వ్రతానికి వెళ్తే మా ఆవిడకు తెరిచి చూపిస్తూ, "వదినా, అన్నయ్యకు చెప్పి నీకూ ఒకటి తెప్పించుకో" అంటోంది.