అమెరికా యూదు విద్యార్థి సేవ చేయడానికి ముంబయి వస్తే

న్యూజెర్సీలో మీ అబ్బాయితో చదివే యూదు స్నేహితుడు సెలవుల్లో మన దేశంలోని యూదుల మధ్య స్వచ్ఛంద సేవ చేయాలనుకుంటున్నాడని, ఎక్కడికి వెళ్తే నిజంగా పనికొస్తాడని అడిగారు. నేను ఠాణేలో పెరిగిన తెలుగువాణ్ణి. మా కింది వాటాలో బెనే ఇజ్రాయెల్ అనే యూదు శాఖకు చెందిన కుటుంబం ఉండేది. తర్వాత మురికివాడ పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పేచోట ఇలా విదేశాల నుంచి వచ్చే విద్యార్థులతో కలిసి పనిచేశాను. అందుకని, వాళ్లు రావడం ఇక్కడివాళ్లకు ఎలా కనిపిస్తుందో మాత్రమే చెప్పగలను.

ముందు అతను ఒక సంగతి తేల్చుకోవాలి. పేదలకు సేవ చేయాలా, తనవాళ్లను కలుసుకోవాలా? ముంబయిలో ఈ రెండూ ఒకే గడపలో దొరకవు. బెనే ఇజ్రాయెల్ వాళ్లు సాయం కోసం ఎదురుచూసే జనం కారు. ఒకప్పుడు కొంకణ్ పల్లెల్లో గానుగ ఆడించి, యూదుల విశ్రాంతి దినమైన శనివారం పని మానేసేవాళ్లు కనుక ‘శనివార్ తేలీ’ అని పేరు పడ్డవాళ్లు. ఆ తర్వాతి తరాలు చదువుకుని ఉద్యోగాల్లో స్థిరపడ్డాయి. ఇంట్లో మాట్లాడేది మరాఠీ. దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఇరవై వేలకు పైగా ఉన్న యూదుల్లో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. ఇప్పుడు అన్ని శాఖలూ కలిపి నాలుగైదు వేలమంది ఉంటారు. వాళ్లకు కొరత మనుషులకే.

ఆ కొరత ప్రార్థన వేళ తెలుస్తుంది. పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది ఉంటేగాని వాళ్ల సామూహిక ప్రార్థన పూర్తిగా జరగదు. చనిపోయినవాళ్ల కోసం చదివే కడీష్ కూడా అంతే. ముంబయిలోని పాత సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనాలయాల్లో, మామూలు రోజుల్లో ఆ పదోవాడి కోసం గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటారు. వచ్చిన కుర్రవాడు ఇంగ్లిషు పాఠాలు చెప్పడంకన్నా ఉదయాన్నే లేచి అక్కడ కూర్చోవడం వాళ్లకు ఎక్కువ ఉపకారం. నేను చూసిన విద్యార్థుల్లో పెద్దల మనసు గెలిచినవాళ్లు ఇలాంటివాళ్లే. అమ్మాయిలకు మాత్రం ఇది కాస్త చేదుగా ఉంటుంది. అమెరికాలో తామే ప్రార్థన నడిపించిన అమ్మాయిలు ఇక్కడ లెక్కలోకి రారు, విడిగా కూర్చోవాలి. ఆ సంగతి బయలుదేరే ముందే తెలిస్తే మంచిది.

ఇంకొకటి గట్టిగా చెప్పండి. ‘మీరు యూదులు ఎలా అయ్యారు?’ అని ఎవరినీ అడగకూడదు. అతనికది మామూలు కుతూహలమే కావచ్చు. కానీ ఇజ్రాయెల్‌కు వలస వెళ్లిన బెనే ఇజ్రాయెల్ వాళ్ల పెళ్లిళ్ల విషయంలో అక్కడి మతాధికారులు వంశాలు విచారించాలన్నారు. ఆందోళనలు జరిగాక 1964లో ప్రభుత్వం వాళ్లు అన్నివిధాలా యూదులేనని ప్రకటించాల్సి వచ్చింది. మా కింది వాటా తాతగారు ఎంతో నెమ్మదస్తులు, ఈ ప్రశ్న వింటే మాత్రం కుర్చీలోంచి లేచిపోయేవారు. దానికి బదులు మలీదా ఎలా చేస్తారని అడగమనండి, గంటసేపు చెబుతారు. అటుకులు, కొబ్బరి కోరు, చక్కెర, యాలకులు, జీడిపప్పు కలిపి, పండ్లతో పళ్లెంలో పేర్చి ఏలియా ప్రవక్త పేరున పెట్టే నైవేద్యం అది. శుక్రవారం సాయంత్రం ద్రాక్షసారాకు బదులు ఎండుద్రాక్ష నానబెట్టి తీసిన షర్బత్ ఇస్తారు. మాంసంతో పాలు కలపకూడదన్నది వాళ్ల మతనియమం కనుక మాంసం కూరలో పాలూ పెరుగూ పడవు, కొబ్బరిపాలే.

పేద పిల్లలతో పనిచేయాలనే పట్టుదల ఉంటే ఠాణే పక్కనే కల్వా ఉంది. 2012లో మొదలైన గేబ్రియల్ ప్రాజెక్ట్ ముంబయి అక్కడి మురికివాడ పిల్లలకు చదువు, వేడి భోజనం అందించే పని చేపట్టింది. విదేశాల నుంచి యూదు యువతను రప్పిస్తుంది. ఆ పిల్లలు యూదులు కారు. ఇలాంటిచోట పాఠాన్ని నిజంగా మోసేది మరాఠీ, హిందీ వచ్చిన స్థానిక టీచరమ్మలే. వాళ్లు బొమ్మలు కత్తిరించమంటే కత్తిరించాలి, కథ చదవమంటే చదవాలి. సొంత పాఠ్యప్రణాళిక పెట్టెలో వేసుకుని వచ్చేవాళ్లతో వేగడం కష్టం.

1914లో పుట్టిన జేడీసీ అనే అమెరికన్ యూదు సంస్థకు ఎన్‌ట్వైన్ అని యువత విభాగం ఉంది. వారం పది రోజుల యాత్రలూ ఉన్నాయి, ఏడాది పాటు ఉండి పనిచేసే అవకాశమూ ఉంది. వారం యాత్రకు సేవ అని పేరు పెట్టుకోవడం నాకు నచ్చదు. అది చూసి రావడానికి, అంతవరకు మంచిదే. డిగ్రీ అయ్యాక ఏడాది ఇవ్వగలిగితే అదే మేలు.

మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం బెనే ఎఫ్రాయిమ్‌ల గురించి కూడా మీకు ఆలోచన వచ్చే ఉంటుంది. తెలుగు మాట్లాడే చిన్న సమాజం, సొంత సినగాగ్ ఉంది. విదేశీ యూదులు అప్పుడప్పుడు వచ్చి హీబ్రూ నేర్పిన మాట నిజం. కానీ వాళ్లకు యూదులుగా ఇజ్రాయెల్ గుర్తింపు ఇంకా దక్కలేదు. విదేశం నుంచి ఎవరొచ్చినా ఏదో కదులుతుందన్న ఆశ పుట్టడం సహజం. వెళ్తే తెలుగు వచ్చిన మీ అబ్బాయిని వెంటబెట్టుకుని, ముందే కబురుపెట్టి వెళ్లమనండి. తన చేతిలో లేనిదేదీ మాట ఇవ్వకూడదు.

చివరగా ప్రయాణం సంగతి. 2008 ముంబయి ఉగ్రవాద దాడిలో నారిమన్ హౌస్ అనే యూదు కేంద్రంలో జరిగిన దారుణం తర్వాత సినగాగుల దగ్గర కాపలా పెరిగింది, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. ఫొటోలు అడిగే తీయాలి, శనివారం అసలు తీయకపోవడం మర్యాద. ఏ వీసా మీద రావాలో పిలిచే సంస్థనే అడగమనండి. అమెరికా సెలవులు మే నెలలో మొదలవుతాయి కదా, ఆ నెలలో వస్తే ఇక్కడి బడులకు తాళాలే కనిపిస్తాయి. జూన్ మధ్యలో తెరుస్తారు, అప్పటికి వానలూ మొదలవుతాయి. గొడుగు ఇక్కడే కొనుక్కోవచ్చు.