రెడ్ సాక్స్–యాంకీస్ కార్డులు కాలేజీ ఫీజు కడతాయా?

ప్రశ్న: మేము కనెటికట్‌లో హార్ట్‌ఫర్డ్ దగ్గర ఉంటాం. మా వారికి బేస్‌బాల్ పిచ్చి. రెండేళ్లుగా బోస్టన్ రెడ్ సాక్స్–న్యూయార్క్ యాంకీస్ వైరం మీద వచ్చిన, ఆటగాళ్ల బొమ్మలు అచ్చేసిన కార్డులు కొంటున్నారు. ఇప్పటికి 14,000 డాలర్లు పెట్టారు. "ఇవన్నీ బాబు కాలేజీకే, ధర పెరగడమే తప్ప తగ్గదు" అంటారు. బాబుకి పదకొండేళ్లు. వాడి 529 ప్లాన్‌లో (చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే ఖాతా) నెలనెలా వేసే 400 డాలర్లు మార్చి నుంచి ఆపేశారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇది పెట్టుబడేనా?

జవాబు: ముందు ఆ 400 మళ్లీ మొదలుపెట్టించండి. కార్డులు ఉంచాలా, అమ్మాలా అన్నది నిదానంగా తేల్చుకోవచ్చు. పదకొండేళ్ల పిల్లాడి కాలేజీకి మాత్రం ఏడేళ్లే ఉంది.

మీ వారి ఇష్టాన్ని నేను తప్పుపట్టను. మీ రాష్ట్రం సరిగ్గా ఆ రెండు ఊళ్ల మధ్య ఉంది, ఒకే వీధిలో రెండు టీముల టోపీలూ కనిపిస్తాయి. 1919 డిసెంబరులో రెడ్ సాక్స్ యజమాని తన స్టార్ ఆటగాడు బేబ్ రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీస్‌కు అమ్మేశాడు. 1918లో గెలిచిన వరల్డ్ సిరీస్‌ను, అంటే బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్‌ను, రెడ్ సాక్స్ మళ్లీ గెలవడానికి 2004 దాకా పట్టింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్‌కు ముందు జరిగే లీగ్ సిరీస్‌లో యాంకీస్ చేతిలో వరసగా మూడు ఆటలు ఓడి, తర్వాత నాలుగూ గెలిచింది. మేజర్ లీగ్‌లో అంతకుముందు ఏ జట్టూ అలా చేయలేదు. ఇంత కథ ఉన్నప్పుడు కార్డులు అమ్ముడుపోవడంలో వింతేముంది? చిక్కల్లా ఆ కథకు మీరు కొనేటప్పుడే డబ్బు కట్టేస్తున్నారు. అమ్మేటప్పుడు కొనేవాడు చూసేది వేరు: ఆటగాడు ఎవరు, అలాంటి కార్డులు ఎన్ని మిగిలాయి, ఇది ఏ స్థితిలో ఉంది.

టాప్స్ అనే కంపెనీ 1952లో అచ్చేసిన యాంకీస్ ఆటగాడు మిక్కీ మ్యాంటిల్ కార్డునే తీసుకోండి. ఆ సెట్‌లో చివరి విడత సీజన్ ముగిసే వేళకు వచ్చింది, సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలను కంపెనీ 1960లో అట్లాంటిక్‌లో పారబోయించింది. పిల్లల చేతుల్లో పడ్డవి నలిగి చిరిగాయి. అందుకే 2022లో చెక్కుచెదరని ఒక మ్యాంటిల్ 1.26 కోట్ల డాలర్లకు పోయింది. పాత కార్డులకు రేటు ఉందని తెలిశాక జనం కొత్తవి కూడా దాచడం మొదలుపెట్టారు, కంపెనీలూ ఎడాపెడా అచ్చేశాయి. 1980ల చివర, 90ల మొదట్లో వచ్చిన కార్డుల్లో చాలావాటిని ఈరోజు ఊరికే ఇచ్చినా తీసుకునేవాళ్లు తక్కువ. 2004 గెలుపు జ్ఞాపకంగా పెట్టెల్లో పెట్టి అమ్మినవీ అంతే. అందరూ భద్రంగా దాచినదానికి కొరత ఎక్కడ నుంచి వస్తుంది?

కాబట్టి ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని ఆ 14,000 దేనికి ఎంత పోయిందో రాయండి. వైరం పేరుతో అమ్మిన స్మారక సెట్లు ఒక కుప్ప. వాటిని ఖర్చు కింద రాసేసుకోండి. నగ అమ్మబోతే మజూరీ, తరుగు తిరిగిరానట్టే, వాటి పెట్టెకూ ముస్తాబుకూ కట్టిన డబ్బు తిరిగిరాదు. 1954 టాప్స్ టెడ్ విలియమ్స్ (రెడ్ సాక్స్), 1993 ఎస్‌పీ సెట్‌లోని డెరెక్ జీటర్ (యాంకీస్) రూకీ కార్డు, అంటే ఆటగాడి తొలినాళ్ల కార్డు, లాంటివి ఉంటే వేరే పెట్టండి, వాటికి నిజమైన మార్కెట్ ఉంది. జీటర్ కార్డు రేకులా మెరుస్తుంది, ఇట్టే గీతలు పడతాయి. కార్డు స్థితిని బట్టి పదికి ఇచ్చే గ్రేడులో ఎనిమిదికీ పదికీ ధరలో భూమ్యాకాశాల తేడా అందుకే. గౌడీ కంపెనీ 1933లో వేసిన బేబ్ రూత్ కార్డు ఉందంటే మాత్రం సంబరపడకండి. దానికి రీప్రింట్లు, నకిలీలు బోలెడు. కార్డు అసలుదో కాదో చూసి గ్రేడు ఇచ్చే గ్రేడింగ్ కంపెనీ సర్టిఫికెట్ నంబరు సరిచూడందే నమ్మొద్దు.

ఇక లెక్క. వంద డాలర్లకు కొన్న కార్డుకు గ్రేడింగ్ పాతిక అయిందనుకుందాం. 180కి అమ్మితే ఆన్‌లైన్ వేదిక కమీషన్ 13 శాతం చొప్పున 23, పోస్టేజీ 5 పోతాయి. చేతికొచ్చే లాభం 27. ఏడాదికి పైగా ఉంచి అమ్మినా సేకరణ వస్తువుల లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉంటుంది. ఇండెక్స్ ఫండ్ మీద చాలామందికి అది 15 శాతమే. ఇదంతా బేరం బాగా కుదిరినప్పటి మాట. సరదాకి దాచుకున్నది నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోవడానికీ వీల్లేదు. మీరింకా హెచ్‌1బీ మీద ఉంటే, కొని అమ్మడం వ్యాపారంగా మారకముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. ఇంటి బీమా సాధారణంగా ఇలాంటివాటికి కొంత పరిమితి వరకే వర్తిస్తుంది. విలువైనవి ఉంటే విడిగా రాయించాలి. ఎప్పటికైనా హైదరాబాద్ తిరిగి వెళ్లే ఆలోచన ఉందా? అక్కడ టెడ్ విలియమ్స్‌ను కొనే మనిషి కోసం చాలా వెతకాలి.

మీ వారిని పూర్తిగా మానేయమనకండి, మానరు కూడా. నెలకు వందో నూటయాభయ్యో సరదా ఖాతాలో పెట్టి, కార్డులన్నీ అందులోంచే కొనమనండి. డబ్బు కావాలంటే ఉన్నవి అమ్ముకుని కొత్తవి కొనాలి. ఎన్ని ఉండాలన్నది ఆయన ఇష్టం, కాలేజీ డబ్బు జోలికి రాకుండా ఉంటే చాలు. స్మారక సెట్లు అమ్మదలిస్తే అక్టోబరులో సీజన్ చివర జరిగే ప్లేఆఫ్స్ పోటీల సమయంలో అమ్మకానికి పెట్టి చూడండి, అప్పుడు కొనేవాళ్ల కళ్లు బేస్‌బాల్ మీదే ఉంటాయి. వచ్చినది నేరుగా 529లో వేయండి. మీ రాష్ట్రపు 529 ప్లాన్‌లో ఉమ్మడిగా ఫైల్ చేసే దంపతులకు ఏడాదికి 10,000 డాలర్ల వరకు రాష్ట్ర ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఈ ఏటి లెక్కలోకి రావాలంటే డిసెంబరు 31 లోపు కట్టండి.