వాలంటీర్ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి ఆన్‌లైన్ కోడింగ్ స్ప్రింట్ పెట్టాలంటే ఏ టూల్స్ వాడాలి?

రెండు రోజులు అందరూ కలిసి కోడ్ రాసే స్ప్రింట్‌కి వీడియో కాల్ కోసం జిట్సీ పెట్టాలా, బిగ్‌బ్లూబటన్ పెట్టాలా, చాట్ కోసం మ్యాట్రిక్స్‌లో ఒక రూమ్ సరిపోతుందా అని అడిగారు. మీవాళ్లకి ఇప్పటికే ఏది అలవాటో అదే పెట్టెయ్యండి, దాని మీద ఇంకో గంట కూడా ఖర్చు పెట్టకండి. చాలాకాలంగా ఇలాంటివి నడిపిస్తున్నాను కాబట్టి గట్టిగా చెప్తున్నాను, స్ప్రింట్ నిలబడినా పడిపోయినా రివ్యూ దగ్గరే. ఆ రెండు రోజులూ తమ కోడ్ పక్కన పెట్టి కొత్తవాళ్ల కోడ్ చూడటానికి ఎవరు సిద్ధంగా ఉన్నారో ముందు తేల్చుకోండి. ఒక్కరూ దొరక్కపోతే వాయిదా వేసుకోవడమే మంచిది.

పోయినసారి మా స్ప్రింట్‌లో ఒకమ్మాయి మొదటిసారి ప్యాచ్, అంటే కోడ్‌లో ఒక సవరణ, పంపింది. రిపోర్టులో తేదీ తప్పు పడుతోందన్న చిన్న బగ్. తన మెషీన్‌లో టెస్టులన్నీ పాస్, ఆ సవరణని ప్రాజెక్టులో కలపమని పుల్ రిక్వెస్ట్ పెట్టగానే సీఐలో, అంటే టెస్టుల్ని తనంతట తానే నడిపే సర్వర్‌లో, ఒకటి ఫెయిల్. ఏదో మార్చి మళ్లీ పుష్ చేసింది, మళ్లీ ఎరుపే. చివరికి "నావల్ల కావట్లేదు, వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి, సారీ" అని చాట్‌లో పెట్టింది. ప్రాజెక్టు బాధ్యత చూసే మా మెయింటెయినర్ ఒకాయన అది చూసి వెంటనే కాల్‌కి పిలిచి, "స్క్రీన్ షేర్ చెయ్యమ్మా, కోడ్ ఏమీ ముట్టుకోకు, టైమ్ జోన్ చెప్పే టీజెడ్ వేరియబుల్‌ని యూటీసీ చేసి ఆ ఒక్క టెస్టు రన్ చెయ్యి" అన్నారు. ఈసారి తన దగ్గరా ఫెయిలైంది! సీఐ సర్వర్ నడిచేది యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో, తన లాప్‌టాప్ గడియారం దానికి కొన్ని గంటలు ముందు, టెస్టులో ఉన్న టైమేమో యూటీసీ ప్రకారం రాత్రి పదకొండు. తన దగ్గర తేదీ మారిపోయింది, సర్వర్‌లో మారలేదు. కోడ్‌లో టైమ్ జోన్ స్పష్టంగా రాసి పంపింది, పచ్చ టిక్కు వచ్చింది, కాల్ పెట్టేసేలోపే మెర్జ్ అయిపోయింది. "అయితే నాకు రాక కాదన్నమాట" అంది ఆ అమ్మాయి. ఇప్పుడు తనే కొత్తవాళ్ల ప్యాచ్‌లు రివ్యూ చేస్తోంది. అదే ప్యాచ్‌ని మూడు వారాల తర్వాత చూసుంటే తను మళ్లీ ఇటువైపు వచ్చేదా?

1999లో ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేసేవాళ్లు కెనడాలోని కాల్గరీలో హ్యాకథాన్ పెట్టుకున్నప్పుడు అందరూ ఒకేచోట ఉన్నారు, డౌటొస్తే పక్కకి తిరిగి అడిగితే అయిపోయేది. ఆన్‌లైన్‌లో ఆ పక్క కుర్చీ ఉండదు, అక్కడ ఒక మనిషిని మనమే కూర్చోబెట్టాలి.

ఇంకో మాట, పుల్ రిక్వెస్టులు ఎన్నొచ్చాయని గొప్పలు చెప్పుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్టోబర్‌లో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకి టీషర్ట్ ఇచ్చిన 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్‌లో, దాని కోసం ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్‌లో ఒక్క పదం మార్చి పంపినవాళ్ల తాకిడి తట్టుకోలేక మెయింటెయినర్లు గగ్గోలు పెట్టారు, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టుల రిపోజిటరీలనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు నెల మొదటి వారంలోనే రూలే మార్చాల్సి వచ్చింది. అలాగే రోజంతా వీడియో కాల్ తెరిచి ఉంచి అందులోనే అన్నీ తేల్చేసుకోవడం! వేరే టైమ్ జోన్‌లో నిద్రపోతున్నవాడు లేచేసరికి ఏం నిర్ణయించారో ఆ పని గురించి రాసుకునే ఇష్యూ పేజీలో ఒక్క ముక్క ఉండదు.

ఇన్‌స్టాల్ సూచనలు మాత్రం వారం ముందే ప్రాజెక్టు తెలియని మనిషికిచ్చి ఖాళీ మెషీన్‌లో చేయించండి, లేకపోతే మొదటి పూటంతా డేటాబేస్ వెర్షన్ గొడవతోనే పోతుంది. స్ప్రింట్ అయ్యాక మిగిలిపోయిన ప్రతి పుల్ రిక్వెస్ట్‌కీ ఒక రివ్యూయర్ పేరు రాసి, ఆ వారంలోనే మెర్జ్ చెయ్యడమో, కారణం చెప్పి మూసెయ్యడమో చెయ్యండి.