పెట్రోలు రంపం కొనే ముందు, కొన్న తరువాత

ఏటా డిసెంబరులో నేను ఉత్తర కరోలినా నుంచి విశాఖ సీతమ్మధారలోని మా పుట్టింటికి రాగానే, ఆ ఏడు అమెరికా వెళ్లబోయే పిల్లలూ, వెళ్లి సెలవులకు వచ్చిన పిల్లలూ ఒక్కొక్కరుగా వచ్చి తమ సందేహాలు అడుగుతుంటారు. వీసాల గురించి, పన్నుల గురించి నాకన్నా బాగా చెప్పగలవారు చాలామంది ఉన్నారు గనుక వాటి జోలికి పోకుండా, ఈసారి మధురవాడ అబ్బాయి ఒకరు అడిగిన ప్రశ్నకు వివరంగా జవాబు రాస్తున్నాను. ఆయన నిరుడు అట్లాంటా శివార్లలో ఇల్లు కొన్నారు. పెరట్లో విరిగిపడిన ఓక్ కొమ్మను ముక్కలు చేసి తీసుకుపోవడానికి చెట్లు కొట్టేవారు చెప్పిన ధర విని, "పిన్నిగారూ, ఆ డబ్బులో సగానికే చిన్న గ్యాస్ చైన్‌సా వస్తుంది కదా, కొనుక్కోమంటారా?" అని పెట్రోలుతో నడిచే గొలుసు రంపం గురించి అడిగారు.

కొనుక్కోమనే నా సమాధానం. అయితే ఆ యంత్రం పని చేసే నాలుగు రోజులకన్నా మూల కూర్చునే మూడు వందల అరవై రోజులే దాన్ని పాడుచేస్తాయని, కొన్న నాటి నుంచీ దాని పోషణ మీ పనేనని ఒప్పుకుని కొనండి. 16 అంగుళాలకు మించని బారు (చైను చుట్టూ తిరిగే పొడవాటి లోహపు పట్టీ), 30 నుంచి 40 సీసీల లోపు ఇంజను ఉన్న రంపం ఇంటి పెరటికి చాలు. కాలిఫోర్నియాలో స్థిరపడేవారి సంగతి వేరు: 2024 మోడల్ సంవత్సరం నుంచి అక్కడి వాయు కాలుష్య నిబంధనలు ఇటువంటి కొత్త చిన్న పెట్రోలు ఇంజన్ల అమ్మకానికి అడ్డువస్తాయి కాబట్టి వారు బ్యాటరీ రంపమే చూసుకోవాలి. ఏడాదికి నాలుగు సన్న కొమ్మలు తప్ప కోసే పని లేనివారికి కూడా నేను బ్యాటరీదే చెబుతాను.

అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలేనని మీకు తెలిసే ఉంటుంది. ఈ రంపంలో ఉండేది మన నాన్నల కాలపు బజాజ్ చేతక్ స్కూటరు ఇంజను లాంటిదే. బంకులో పెట్రోలుతో పాటు టూ-టీ ఆయిలు కూడా కొలిచి పోయించుకోవడం, స్టార్టు కాకపోతే బండిని పక్కకు వంచడం, ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దడం చూస్తూ పెరిగినవారికి ఈ యంత్రం కొత్తది కాదు. ఇటువంటి టూ-స్ట్రోక్ ఇంజనుకు విడిగా నూనె తొట్టి ఉండదు; పెట్రోలులో కలిపిన నూనే లోపలి భాగాలను తడుపుతుంది. వట్టి పెట్రోలు పోస్తే పిస్టను కొద్దిసేపట్లోనే గీసుకుపోయి ఇంజను బిగుసుకుపోతుంది.

నేటి రంపాలకు ఎక్కువగా చెప్పే నిష్పత్తి 50:1. అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ నూనె. అక్కడ పెట్రోలు గాలన్లలో కొంటారు కాబట్టి, గాలనుకు 2.6 ఔన్సులు, అంటే సుమారు 76 మిల్లీలీటర్లు అని గుర్తుపెట్టుకోండి. ఈ మిశ్రమాన్ని విడి డబ్బాలో కలిపి, బాగా కుదిపి పోయాలి తప్ప రంపం ట్యాంకులోనే కలపకూడదు. పెట్రోలు 89 ఆక్టేన్ లేదా అంతకన్నా మేలైనది తీసుకోండి. అక్కడి బంకుల్లో మామూలుగా దొరికే పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే నెల రోజుల్లో వాడేయగలిగినంతే కలపండి. నేను ఈ ఒక్క మాటను పట్టించుకోకుండా వసంతంలో కలిపిన పెట్రోలును ట్యాంకులోనే వదిలేశాను. 2024 సెప్టెంబరు 27న హెలీన్ తుపాను మా వైపు చెట్లను కూల్చి దారి మూసేసిన పూట, తాడు ఎన్నిసార్లు లాగినా రంపం పలకలేదు. కార్బురేటరు నిండా జిగురు పట్టింది. దాన్ని విప్పి శుభ్రం చేయించడానికి పట్టిన మూడు వారాలూ పొరుగువారి రంపం మీదే ఆధారపడ్డాం. అప్పటి నుంచి ఇథనాల్ లేకుండా ముందే నూనె కలిపి డబ్బాల్లో అమ్మే ఇంధనమే వాడుతున్నాను. ఖరీదు ఎక్కువే, కానీ ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే రంపం తీసే ఇంటికి అదే సరైనదని నా అభిప్రాయం.

ఇంధనపు ట్యాంకు పక్కనే మరో చిన్న ట్యాంకు ఉంటుంది. అందులో పోసేది బార్ ఆయిల్. అది చైనుకూ బారుకూ మధ్య రాపిడి తగ్గించే జిగట నూనె. పెట్రోలు నింపిన ప్రతిసారీ దాన్ని కూడా నింపాలి. కారులోంచి తీసిన పాత నూనె పోయవద్దు. నూనె వస్తున్నదో లేదో తెలియాలంటే, రంపం కొసను ఒక అట్టముక్కకు దగ్గరగా పట్టి, తగలకుండా, ఇంజను వేగం పెంచండి. అట్ట మీద సన్నని నూనె గీత పడాలి.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ కోరేది చైను పదును. ఈనాటి చైను పళ్ల రూపం 1946లో ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టే మనిషికి తట్టినది. ఒక పురుగు పిల్ల తన దవడలను ఎడమకూ కుడికీ తిప్పుతూ గట్టి మొద్దును సులువుగా తొలిచేయడం చూసి, ఆయన పళ్లను ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఉండేలా అమర్చారు. అందుకే రెండు వైపుల పళ్లూ సమంగా అరిగి ఉండాలి. ఒక వైపు ఎక్కువ సాన పడితే కోత వంకరగా ఒక పక్కకు పోతుంది. పదునైన చైను పేళ్లను రాలుస్తుంది, మొండిది పొట్టును రాలుస్తుంది. పొట్టు కనపడగానే ఆపి ఆకురాయి తీయండి. చిన్న రంపాలకు సాధారణంగా వచ్చే 3/8 లో-ప్రొఫైల్ (తక్కువ ఎత్తు) చైనుకు 5/32 అంగుళం, అంటే 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి సరిపోతుంది. పంటి పైభాగంలో గీసి ఉండే గుర్తుకు సమాంతరంగా, దాదాపు 30 డిగ్రీల కోణంలో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కు లాగేటప్పుడు పంటికి తగలనివ్వకూడదు. ఒక పంటికి మూడు తోపులు వేస్తే అన్నిటికీ మూడే వేయండి. చైను మట్టికి ఒక్కసారి తగిలినా పదును పోతుంది కాబట్టి దుంగను ఎత్తు మీద పెట్టి కోయండి.

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బారు కింది అంచున లాగితే చేతికి కొంచెం రావాలి, కానీ బారు గాడిలో ఇమిడే దాని లింకులు గాడిలోంచి పూర్తిగా బయటికి రాకూడదు. కొత్త చైను మొదటి గంటలో సాగుతుంది. గాలి ఫిల్టరును దులపడం, బారును అప్పుడప్పుడు తిరగేసి వేయడం, ప్లగ్గు మార్చడం కష్టమైన పనులేమీ కావు, యంత్రంతో వచ్చే పుస్తకమే చెబుతుంది.

ఇక ప్రాణాల మీదికి తెచ్చేవి. బారు కొస పైభాగం దుంగకో కొమ్మకో తగిలితే రంపం రెప్పపాటులో మీ ముఖం వైపు ఎగురుతుంది. దీన్నే అక్కడ కిక్‌బ్యాక్ అంటారు. ఎడమ చేతి బొటనవేలిని ముందు పిడి చుట్టూ మూసి పట్టుకోవడం, బారుకు కొంచెం పక్కగా నిలబడడం, భుజాల కన్నా పైకెత్తి కోయకపోవడం ఈ ఒక్క కారణానికే. స్టార్టు చేసేటప్పుడు రంపాన్ని నేల మీద పెట్టి, వెనుక పిడిలో కుడి బూటు ముందు భాగాన్ని ఉంచి, చైను తిరగకుండా ఆపే బ్రేకు వేసి తాడు లాగండి. గాలిలో పట్టుకుని ఊపుతూ లాగడం మన పిల్లలు చాలామంది చేస్తున్నారు, దయచేసి చేయవద్దు. చెప్పులు, చున్నీ, వదులు కుర్తా, ఉంగరాలు అన్నీ తీసిపెట్టండి. తొడలకు కట్టే చాప్స్ అనే కవచం రంపం కన్నా ముందు కొనాలి: చైను తగలగానే అందులోని పీచు బయటికి వచ్చి చైనును తిప్పే చక్రాన్ని చుట్టుకుని ఆపేస్తుంది. చెవులకు మఫ్‌లు, కళ్లకు అద్దాలు కూడా కావాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. మా ప్రహరీ మీద పడిన వేపచెట్టును కోయడానికి వచ్చిన ఒక పెద్దాయన గంటసేపు కోయకుండా చుట్టూ తిరిగి చూసి, "బరువు ఎటుందో చూడాలమ్మా, చెట్టు విల్లులా వంగి ఉంది" అన్నారు. అక్కడి ఓక్ చెట్టుకూ అదే వర్తిస్తుంది. రెండు చివరలా ఆనుకున్న దుంగ పైభాగం నొక్కుకుని, కింది భాగం సాగి ఉంటుంది. పైనుంచి మూడో వంతు కోసి, మిగిలింది కింది నుంచి కోయాలి. ఒక చివర గాలిలో ఉంటే ఇందుకు తిరగేసి చేయాలి. లేకపోతే రంపం మధ్యలో ఇరుక్కుంటుంది, లేదా దుంగ వచ్చి మీ మీద పడుతుంది.

నిలబడి ఉన్న చెట్టు, నిచ్చెన ఎక్కి కోయవలసిన కొమ్మ, కరెంటు తీగకు ఆనుకున్నది, బారు పొడవుకన్నా లావుగా ఉన్న మాను మాత్రం మీవి కావు. వాటికి లైసెన్సూ బీమా ఉన్నవారినే పిలవండి. అట్లాంటా నగర పరిధిలో చెట్లు కొట్టడానికి ప్రత్యేక నిబంధనలే ఉన్నాయి, ఇళ్ల సంఘం నియమాలూ ఉంటాయి. కొట్టాక అడగడం కాదు, ముందే అడగాలి.

సెలవులకు ఇండియా వచ్చే ప్రయాణానికి టికెట్టు కొన్న రోజునే, గ్యారేజీలో కాక ఆరుబయట, రంపం ట్యాంకు వంచి ఇంధనమంతా తీసేయండి. ఇంజనును మళ్లీ స్టార్టు చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా నడవనిస్తే కార్బురేటరు ఖాళీ అవుతుంది. చైనును తుడిచి, నూనె రాసి, బారుకు తొడుగు వేసి, వేడినీళ్ల హీటరు మంట ఉన్న మూలకు దూరంగా, పిల్లలకు అందని ఎత్తులో పెట్టి తాళం వేయండి. మీరు నెల తరువాత అమెరికాకు తిరిగి వెళ్లి కొత్త ఇంధనం పోస్తే, మూడో లాగుకో నాలుగో లాగుకో అది పలుకుతుంది.