ప్రభుత్వమే ఒక జాతి మీద పగబడితే చర్చిలు ఏం చేశాయి?

యుద్ధకాలంలో ఒక జాతిని వెలివేస్తే చర్చిలు నిజంగా సాయం చేశాయా, ఉత్త ప్రార్థనలేనా అని అడిగారు. చేశాయండి. కాకపోతే నా లెక్కలో ప్రసంగం చేసిన పాస్టరు కన్నా సామాను దాచిపెట్టిన పాస్టరే గొప్ప.

మాది వైజాగ్, బాప్టిస్టు సంఘం. ఒక ఆదివారం యూత్ మీటింగులో ఎమరీ ఆండ్రూస్ గారి సంగతి చెప్తున్నాను. ఆయన తెల్లాయన, అమెరికాలోని సియాటిల్‌లో జపనీస్ బాప్టిస్టు చర్చి పాస్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌తో పోరు మొదలయ్యాక, 1942 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు ఇచ్చాక, అక్కడి పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్ళని, సుమారు 1,20,000 మందిని, క్యాంపుల్లోకి తోలేశారు. మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే! చేత్తో మోయగలిగిందే పట్టుకెళ్ళాలి. మిగతా సామాను చర్చి జిమ్‌లో పెట్టుకున్నారు.

ఇంతలో మా సంఘ పెద్ద ఒకాయన లేచారు. "ఏటి బాబూ, జపానోళ్ళు మన హార్బర్ మీద బాంబులెయ్యలేదేటి? మాయమ్మ నన్ను సంకనెట్టుకుని ఊరొదిలి పారిపోయింది. ఆళ్ళకి సాయమేటి?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీదా, కాకినాడ మీదా బాంబులు పడ్డాయి. "తాతగారూ, బాంబులేసింది జపాన్ నేవీ అండి. వీళ్ళు సియాటిల్లో పుట్టి పెరిగినోళ్ళు" అన్నాను.

"మొహాలొకటే కదా" అన్నారాయన. కుర్రాళ్ళు నవ్వారు, నాకు ఒళ్ళు మండింది. అమెరికా ప్రభుత్వం వేసిన లెక్కా అదే మరి. జర్మనీ, ఇటలీ సంతతి వాళ్ళని ఇలా ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ చేయించలేదే!

ఆండ్రూస్ గారు పెళ్ళాం పిల్లలతో సహా ఐడహో రాష్ట్రంలో, తన సంఘం వాళ్ళని పెట్టిన మినిడోకా క్యాంపు దగ్గరున్న ట్విన్ ఫాల్స్‌కి మకాం మార్చేశారు. సియాటిల్ నుంచి అక్కడికి సుమారు వెయ్యి కిలోమీటర్లు. జనం సామానేసుకుని, వాళ్ళ పనులు పెట్టుకుని 56 సార్లు వెళ్ళొచ్చారు. జపానోళ్ళ మనిషని ఆయన్ని హోటల్లోంచి బయటికి పంపేశారు, అద్దె ఇల్లు ఖాళీ చేయించారు. ఇదంతా విని మా పెద్దాయన అడిగింది ఒక్కటే: "పెట్రోలు డబ్బులెవుడిచ్చాడు?"

అలాగని చర్చిలన్నీ ఇలాంటివని కాదు. చాలా వాటికి ఆ ఉత్తర్వుని ఎదిరించే దమ్ము లేకపోయింది. యుద్ధమే వద్దనే క్రైస్తవ శాఖ క్వేకర్లు మాత్రం గట్టిగా నిలబడ్డారు. వాళ్ళు ముందుండి నడిపిన సంస్థ ద్వారా సుమారు 4,000 మంది విద్యార్థులు క్యాంపుల్లోంచి కాలేజీలకి వెళ్ళగలిగారు.

మన దగ్గరికొస్తే, 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఇంటి రేకులు ఎగిరిపోయిన వాళ్ళు సామాను పెట్టుకోవడానికి మా హాలు అడిగారు. వాళ్ళు మా సంఘం వాళ్ళు కూడా కాదు. కమిటీ తీర్మానం కావాలన్నారు మనోళ్ళు. హాల్లో ఉన్నవి నాలుగు సౌండు బాక్సులూ, పెళ్ళి కుర్చీలూ. తీర్మానం పాసయ్యేసరికి వాళ్ళు అప్పుచేసి కొత్త రేకులు వేసుకున్నారు.