సోషల్ మీడియా, డిజిటల్ మార్కెటింగ్ మీద విశ్లేషణలు చెప్పుకుంటూ బతకొచ్చా?

రాజమండ్రి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "రెండేళ్లుగా ఏజెన్సీలో యాడ్స్ చూస్తున్నాను. ఇది మానేసి సోషల్ మీడియా, డిజిటల్ మార్కెటింగ్ మీద తెలుగులో విశ్లేషణలు చెప్పడమే పనిగా పెట్టుకోవాలని ఉంది. దీంతో ఇల్లు గడుస్తుందా?"

నాకు గడుస్తోంది. కానీ డబ్బు వచ్చే దారి మీరు అనుకుంటున్నది కాకపోవచ్చు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

విశ్లేషణకి నేరుగా డబ్బులిచ్చేవాళ్లు తెలుగులో దాదాపు లేరు. విశ్లేషణ చూసి "ఈవిడకి విషయం తెలిసినట్టుందే" అనుకుని వేరే పని అప్పగించేవాళ్లు మాత్రం ఉన్నారు. ఇది ముందే తెలియక మొదలుపెట్టినవాళ్లలో నేను చూసినంతవరకు చాలామంది మళ్లీ ఉద్యోగాల్లోకి వెళ్లిపోయారు, మిగిలినవాళ్లు కోర్సులు అమ్ముకుంటున్నారు.

నాది ఖమ్మం. బీకాం అయ్యాక అందరిలాగే అమీర్‌పేటలో దిగి, మైత్రీవనం పక్క సందుల్లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు చేసి, మాదాపూర్‌లో చిన్న ఏజెన్సీలో చేరాను. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక మండల కేంద్రాల్లో షాపులు పెట్టుకున్నవాళ్లు కూడా "మాకూ ఫేస్‌బుక్‌లో యాడ్ వేసిపెట్టండి" అని రావడం మొదలైంది. డబ్బులు కడుతున్నారు, కానీ ఆ డబ్బు ఎటు పోతోందో వాళ్లకి అర్థమయ్యేలా చెప్పేవాళ్లు లేరు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ ఫీడ్‌లో పేజీల పోస్టుల కన్నా స్నేహితులు, కుటుంబసభ్యుల పోస్టులకే ప్రాధాన్యమిస్తామని జకర్‌బర్గ్ ప్రకటించాడు కదా, ఆ తర్వాత రీచ్ (పోస్టు ఎంతమందికి కనిపిస్తుందో ఆ లెక్క) పడిపోయేసరికి క్లయింట్లందరిదీ ఒకటే గోల, మేమేదో పాడుచేశామని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే ఓపిక లేక, జరిగిందంతా తెలుగులో ఒక పెద్ద పోస్టుగా రాసి అందరికీ వాట్సాప్‌లో పంపాను. అది నాకు సంబంధం లేని వ్యాపారుల గ్రూపుల్లోకి కూడా వెళ్లిపోయి, ఎవరెవరో ఫోన్ చేసి "మా పేజీ కూడా ఒకసారి చూస్తారా" అని అడిగారు. కెరీర్ అనండి, ఇంకేమైనా అనండి, మొదలైంది అక్కడే. ప్లానూ లేదు, పాడూ లేదు.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తని తెలుగులో చెప్పినంత మాత్రాన అది విశ్లేషణ అయిపోదు, ఆ పని ఇప్పుడు ఫోనే చేసిపెడుతుంది. ఆ మార్పు మన ఊళ్లో వ్యాపారానికి ఎంతవరకు తగులుతుందో చెప్పగలిగితేనే మీ మాటకి విలువ. ఉదాహరణకి 2021 ఏప్రిల్‌లో ఆపిల్ ఐఫోన్లకి ఐఓఎస్ 14.5 అనే కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చింది, మీరు వేరే యాప్‌లలో, సైట్లలో ఏం చేస్తున్నారో ట్రాక్ చేయాలనుకునే ప్రతి యాప్ మీ అనుమతి అడగాల్సి వచ్చింది. దీనివల్ల ఒక్క 2022లోనే సుమారు 1000 కోట్ల డాలర్ల ఆదాయం పోతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా స్వయంగా చెప్పుకుంది. వెంటనే మనవాళ్లు కూడా "ఫేస్‌బుక్ యాడ్స్ పని అయిపోయింది" అని థంబ్‌నెయిల్స్ పెట్టేశారు. అయ్యా, కరీంనగర్‌లో కోచింగ్ సెంటర్ యాడ్ చూసేవాళ్లలో ఐఫోన్ ఉన్నవాళ్లు ఎంతమంది? అక్కడ అంతా ఆండ్రాయిడే, పెద్ద తేడా ఏమీ రాలేదు. నేను చూసే అకౌంట్లలో దెబ్బ తిన్నది డల్లాస్‌కి, న్యూజెర్సీకి పచ్చళ్లు, చీరలు పంపేవాళ్లు, అమెరికా సంబంధాలు చూసే పెళ్లిళ్ల బ్యూరోవాళ్లు, ఎందుకంటే వాళ్ల కస్టమర్ల చేతుల్లో ఉండేవి ఐఫోన్లు. ఈ తేడాని విడదీసి రాసిన పోస్టు వల్లే నాకు విదేశాలకి సరుకు పంపే క్లయింట్లు ముగ్గురు నలుగురు దొరికారు, వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ ఉన్నారు.

సరే, డబ్బుల సంగతి. యూట్యూబ్‌లో యాడ్స్ ఆదాయం రావాలంటే మామూలు వీడియోలకి 1000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4000 గంటల వీక్షణ కావాలి, ఆ తర్వాత కూడా యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు చేరితేగానీ బ్యాంకుకి పంపరు. వంటల ఛానెల్‌కి, సినిమా ఛానెల్‌కి ఇదేమీ పెద్ద విషయం కాదు. "కన్వర్షన్ ట్రాకింగ్ (యాడ్ చూసి ఎంతమంది కొన్నారన్న లెక్క) ఎందుకు తప్పు చూపిస్తోంది" అని మీరు పెట్టే వీడియోని ఎంతమంది చూస్తారో మీరే ఊహించుకోండి. మా ఇంట్లో దాన్ని కరెంటు బిల్లు డబ్బులు అంటారు, కొన్ని నెలలు దానికీ చాలదు. టీవీ వాళ్లు పిలుస్తారు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు, మళ్లీ జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టినప్పుడు నన్ను వరసగా పిలిచారు. రూపాయి ఇవ్వరు, లాక్‌డౌన్ రోజులు కాబట్టి ఇంట్లోంచే వీడియో కాల్‌లో మాట్లాడాను, లేకపోతే క్యాబ్ ఖర్చు కూడా మీద పడేది. కాకపోతే ఆ క్లిప్ చూసి ఒక ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు గెస్ట్ లెక్చర్‌కి పిలిచారు, వాళ్లు డబ్బులిచ్చారు.

అసలు ఆదాయమంతా యాడ్ అకౌంట్ల ఆడిట్లు (అకౌంట్ తెరిచి తప్పులెక్కడున్నాయో చెప్పడం), నెలవారీ సలహా ఫీజు, అప్పుడప్పుడు వర్క్‌షాపులు. వెబ్‌సైట్‌కి ఎవరొస్తున్నారో లెక్క చూపే పాత గూగుల్ అనలిటిక్స్‌కి 2023 జూలై 1 నుంచి డేటా చేరదని గూగుల్ చెప్పింది కదా, అందరూ దాని కొత్త వెర్షన్ జీఏ4కి మారాల్సి వచ్చింది. దాని గురించి నేను ఆర్నెల్ల ముందు నుంచి తెలుగులో రాస్తూనే ఉన్నాను, లైకులు పదీ పాతిక. జూన్ చివరి వారంలో మాత్రం ఫోన్ ఆగలేదు. నాకు బాగా డబ్బులు తెచ్చిపెట్టిన రాతలన్నీ ఇలా ఎవరూ లైక్ కొట్టనివే, బాగా వైరలైనవాటితో దాదాపు ఏమీ రాలేదు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. మీరు ఎవరి గురించి మాట్లాడతారో మీకు డబ్బులిచ్చేదీ వాళ్లే అవుతారు. టూల్ కంపెనీలు అఫిలియేట్ లింకు (దాని ద్వారా ఎవరైనా కొంటే మీకు కమిషన్) ఇస్తామంటాయి, ఇన్‌స్టిట్యూట్లు "మా బ్యాచ్ గురించి ఒక మాట చెప్పండి మేడమ్" అంటాయి, ఏజెన్సీలు తమ క్యాంపెయిన్‌ని కేస్ స్టడీగా మెచ్చుకోమంటాయి. ఒక ఇన్‌స్టిట్యూట్ అయితే "నూరు శాతం ప్లేస్‌మెంట్" అని నా ఫొటో పక్కన వేసేసి ఆ తర్వాత చెప్పింది. దాన్ని తీయించడానికి ఎంత తిప్పారో! మీరు అమ్మే వస్తువు మీ మాట మీద నమ్మకం ఒక్కటే, దాన్ని ఎవరికి ఎంత అద్దెకిస్తారో మొదటి రోజే తేల్చుకోకపోతే తర్వాత తేల్చుకోలేరు. నేను పెట్టుకున్న రూలు ఇదీ: ఎవరి దగ్గర ఫీజు తీసుకుంటానో వాళ్ల గురించి బయట రాయను, మంచీ రాయను చెడూ రాయను. దీనివల్ల కొంత పోగొట్టుకుంటాను, పోనీ.

పెద్దవాళ్ల కథల్లోనూ ఇదే ముడి కనిపిస్తుంది. డానీ సలివాన్ అని ఒకాయన పత్రికల్లో పనిచేసి, 1990ల మధ్యలో, గూగుల్ ఇంకా పుట్టకముందే, సెర్చ్ ఇంజిన్ల మీద రాయడం మొదలుపెట్టాడు. సెర్చ్ ఇంజిన్ వాచ్, తర్వాత 2006లో సెర్చ్ ఇంజిన్ లాండ్, రెండూ ఆయన పెట్టినవే. ఇరవై ఏళ్ల పాటు గూగుల్‌ని బయట నుంచి ప్రశ్నించి, 2017లో అదే గూగుల్‌లో చేరి వాళ్ల తరఫున సెర్చ్ గురించి జనానికి వివరించే పనిలోకి వెళ్లాడు. అదేదో ద్రోహం అని నేననను, ఆయనకి తెలిసిన పనే అది. కానీ నిన్నటిదాకా అడిగిన మనిషే ఇవాళ జవాబు చెప్తుంటే వినేవాళ్లకి ఆయన మాట వేరేగా వినిపిస్తుంది, అది మామూలే. సియాటిల్‌లో రాండ్ ఫిష్కిన్ కథ ఇంకో రకం. కాలేజీ చదువు మధ్యలో ఆపేసి, తల్లితో కలిసి వెబ్ డిజైన్ పని చేస్తూ అప్పుల్లో పడి, ఆ సమయంలో ఎస్‌ఈఓ (సెర్చ్‌లో సైట్ పైన కనపడేలా చేసే పని) గురించి నేర్చుకున్నదంతా రాసుకుంటూ పోయాడు. ఆ రాతల వల్ల కన్సల్టింగ్ వచ్చింది, కన్సల్టింగ్ నుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చింది. 2018లో దాంట్లోంచి బయటికొచ్చి స్పార్క్‌టోరో అనే ఇంకో కంపెనీ పెట్టాడు. గూగుల్‌లో జరిగే వెతుకులాటల్లో సగానికి పైగా ఏ లింకూ నొక్కకుండానే ముగిసిపోతున్నాయని 2019లో డేటాతో చూపించాడు, ఆ లెక్క మీద ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. గమనించండి, ఈయనకీ పొట్ట నింపింది రాత కాదు, రాత వెంట వచ్చిన పని.

నా మటుకు నేను నమ్మేది, నెలకి ఒక్క అకౌంట్ అయినా సొంత చేత్తో నడపనివాళ్లు ఈ రంగం మీద వ్యాఖ్యానించకూడదు. గట్టు మీద కూర్చుని ఈత నేర్పేవాళ్లు మనకి ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు. మంగళగిరిలో చేనేత చీరల షాపు పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు.

"అమ్మా, రీల్‌కి లక్ష వ్యూస్ దాటాయి. ఫోను మాత్రం ఒక్కటి మోగలేదు."

"ఎక్కడెక్కడివాళ్లు చూశారో చూశారా అండీ?"

"అది ఎక్కడ కనపడుద్దమ్మా?"

తీరా ఇన్‌సైట్స్ (రీల్ ఎవరు చూశారో చూపే పేజీ) తెరిపించి చూస్తే చూసినవాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లే, ఎందుకంటే వాళ్లబ్బాయి ట్రెండింగ్‌లో ఉందని ఒక హిందీ ఆడియో పెట్టాడు. వెనక తెలుగులో ఆయన గొంతే పెట్టి, "ధర కోసం మెసేజ్ చేయండి" అనేది తీసేసి, నేత ఏమిటో, రేటెంతో వీడియోలోనే చెప్పించాం. వ్యూస్ బాగా తగ్గాయి, ఫోన్లు వచ్చాయి. అకౌంట్ లోపలికి తొంగిచూడకుండా బయట నుంచి ఆ లక్ష వ్యూస్ చూసి విశ్లేషణ చెప్పే మనిషైతే అది సూపర్ హిట్ రీల్ అని మెచ్చుకునేవాడు.

ఇంకోటి, జోస్యాలు. మూడో పక్షం కుకీలు (మీరు ఏ సైట్లలో తిరుగుతున్నారో యాడ్ కంపెనీలకి తెలిపే చిన్న ఫైళ్లు) రెండేళ్లలో తన క్రోమ్ బ్రౌజర్‌లోంచి తీసేస్తామని 2020 జనవరిలో గూగుల్ అంది. ఆ తర్వాత వాయిదా, మళ్లీ వాయిదా, చివరికి 2024 జూలైలో పూర్తిగా తీసేసే ఆలోచన విరమించుకుంది. ఈ మధ్యలో "కుకీలు లేని రోజులకి సిద్ధమా" అని ఎన్ని వెబినార్లు నడిచాయో, వాటికి ఎంత ఫీజు వసూలైందో! ఏదీ జరగకముందే భయపెట్టడం ఈ వృత్తిలో తేలిగ్గా డబ్బొచ్చే పని, మీకూ ఆ ఆశ పుడుతుంది. సమాచారానికి నేను రోజూ చూసేవి పెద్ద గొప్పవేమీ కావు. కంపెనీల హెల్ప్ పేజీల్లో మారిన వాక్యాలు, మూడు నెలలకోసారి వాళ్లు ఇన్వెస్టర్లతో మాట్లాడే మాటలు, మెటా యాడ్ లైబ్రరీ. అందులో ఎవరి యాడ్స్ నడుస్తున్నాయో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు, అయినా మన వ్యాపారులకి ఆ సంగతే తెలియదు. హైదరాబాద్ చుట్టుపక్కల వెంచర్ల యాడ్స్ అక్కడ తీసి చూడండి. రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టుకి యాడ్‌లో రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉండాలని చట్టమే చెప్తోంది, అది లేకుండా ఎన్ని తిరుగుతుంటాయో చూస్తే మీకు ఆర్నెల్లకి సరిపడా సరుకు దొరుకుతుంది. కాకపోతే దాని వెంట బెదిరింపు ఫోన్లు కూడా వస్తాయి, స్క్రీన్‌షాట్ తేదీతో సహా దాచుకుని, వాళ్ల పేరెత్తకుండా రాయండి.

లెక్కల విషయం తొందరగా చెప్పేస్తాను. డబ్బు తీసుకునో, ఫ్రీగా వస్తువు తీసుకునో ఏదైనా మెచ్చుకుంటే అది ప్రకటన అని స్పష్టంగా కనపడేలా చెప్పాలి. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీని మీద మార్గదర్శకాలిచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రచారానికి జరిమానా 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంది. ఏడాదిలో ఒక కంపెనీ నుంచి 20 వేలు దాటిన గిఫ్టులకి 10 శాతం టీడీఎస్ 2022 జూలై నుంచి వచ్చింది, ఫోను ఫ్రీగా వచ్చిందని సంబరపడకండి. సర్వీసుల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్. మొదట్లోనే ఒక సీఏని మాట్లాడి పెట్టుకోండి, ఆయనకిచ్చే ఫీజు దండగ కాదు.

ఇక ఉద్యోగం మానేయాలా అంటే, ఇప్పుడే వద్దు. మీరు ఏజెన్సీలో చూస్తున్న అకౌంట్లే మీ ముడిసరుకు, అది వదిలేస్తే మాట్లాడటానికి ఏమీ మిగలదు. క్లయింట్ల డేటా బయటపెట్టకూడదని మీ ఆఫర్ లెటర్‌లో రాసి ఉంటుంది, ముందు అది చదవండి. వారానికి ఒక్కటి రాయండి, గోదావరి జిల్లాల వ్యాపారాల మీదే రాయండి: కడియం నర్సరీలు, ఆత్రేయపురం పూతరేకులు, రాజమండ్రి బట్టల షాపులు. వాళ్ల యాడ్స్ మీద తెలుగులో బుర్రపెట్టి రాసినవాళ్లని నేనింతవరకు చూడలేదు. బయటి పనుల నుంచి వచ్చే డబ్బు వరసగా ఏడాది పాటు మీ జీతంలో సగం దాటితే అప్పుడు మానేసే సంగతి ఆలోచించండి. పెళ్లయి, ఇంటి లోన్ ఉంటే సగం కూడా చాలదు, మొత్తం రావాలి.