సువాల్‌కుచికి బయలుదేరుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మీ అత్త ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి అల్లుడితో కలిసి అస్సాం వెళ్లిపోతున్నావని, పట్టు నేతకు పేరుపడ్డ సువాల్‌కుచిలో ఇల్లు తీసుకుని, అక్కడి ఆడవాళ్లు కట్టే రెండు ముక్కల మేఖలా చాదర్‌లనూ గామోసా కండువాలనూ ఆన్‌లైన్‌లో దేశమంతటికీ, వీలైతే అమెరికాలోని మనవాళ్లకూ అమ్మాలనుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. మన పోచంపల్లి ఇంట్లో మగ్గం వదిలి చదువులకు పోయిన పిల్లలే తప్ప, చదువుకుని మళ్లీ మగ్గం దగ్గరికి పోతున్న పిల్లవు నువ్వొక్కతివే. అందుకు పొంగిపోయాను. మీ మామయ్య రైల్వే ఉద్యోగం పుణ్యమా అని గువాహటిలో మాలిగావ్ క్వార్టర్లలో ఏళ్ల తరబడి కాపురం చేసి, సరాయ్‌ఘాట్ వంతెన దాటి ఎన్నోసార్లు ఆ ఊరికి వెళ్లివచ్చిన దాన్ని కనుక భయమూ వేసింది. ఆ రెండూ కలిసే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

జీఎస్టీ, కొరియరు, ఫొటోలు నాకంటే నీకే బాగా తెలుసు. వానాకాలంలో పట్టును ప్లాస్టిక్ సంచుల్లో పెట్టకు, బూజు పడుతుంది. అస్సామీ భాష మాట్లాడటమే కాదు, చదవడం కూడా నేర్చుకో.

మొదట ఒక తేడా గ్రహించు. మన దగ్గర నేత కులవృత్తి. పద్మశాలీలో దేవాంగులో నేస్తారు, మిగతావాళ్లు కొంటారు. అస్సాంలో అలా కాదు. పల్లెల్లో ఏ కులం ఇంటికి వెళ్లినా వసారాలో మగ్గం కనిపిస్తుంది, దాని మీద ఆ ఇంటి ఆడవాళ్లే నేస్తారు, నేసింది అమ్మకానికి కాక ముందు ఇంటి అవసరాలకు పోతుంది. ఏప్రిల్ మధ్యలో వాళ్ల కొత్త సంవత్సరపు పండుగ రొంగాలీ బిహు వస్తే పెద్దలకు గామోసా ఇచ్చి దండం పెట్టాలి; దాన్ని బిహువాన్ అంటారు. ఊరి ప్రార్థనా మందిరం నామ్‌ఘర్‌లో భాగవతం మీద కప్పడానికి గామోసా కావాలి, ఇంటికి వచ్చిన అతిథి మెడలో వేయడానికి కావాలి, ఇంటింటికీ తిరిగి హుసోరి పాడే కుర్రాళ్లకు తాంబూలంతో పాటు ఇవ్వడానికి కావాలి. తెల్లటి గుడ్డ మీద ఎర్రటి అంచులు, కొసల్లో ఎర్ర పూలు, అంతే. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కానీ గామోసాను నిలబెట్టింది ఆ పత్రం కాదు. బిహు నాడు ఉత్త చేతులతో పెద్దల ముందుకు వెళ్లడానికి సిగ్గుపడే కోడళ్లూ కూతుళ్లూ.

సువాల్‌కుచి ఈ పల్లెల వంటిది కాదు, వ్యాపారపు ఊరు. అక్కడ మగ్గాల యజమాని ఒకరు, నేసేది మరొకరు. చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి, యజమాని ఇంట్లోనే ఉంటూ కూలికి నేసే బోడో అమ్మాయిలు చాలామంది ఉంటారు. నువ్వు యజమానికి ఎంత మంచి ధర ఇచ్చినా అందులో ఆ పిల్ల చేతికి ఎంత వెళ్తోందో అడగకపోతే, నీ వెబ్‌సైటులో సంస్కృతి అని ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా దండగే. అడిగితే యజమానులకు కోపం వస్తుంది, రానీ. మన ఊళ్లో మాస్టర్ వీవర్ దగ్గర మీ తాత కూలికి నేసిన రోజులు నీకు తెలియకపోవచ్చు కానీ మీ నాన్నకు తెలుసు, అడుగు, చెబుతాడు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతికి వస్తాను. మేము మాలిగావ్‌లో ఉన్న రోజుల్లో మనవైపు నుంచి ఒక బట్టల వ్యాపారి వచ్చేవాడు. పేరు ఎందుకులే. మోసగాడైతే ఈ కథ నీకు చెప్పవలసిన పనే లేకపోయేది. మంచివాడు, అచ్చం నీలాగే ఆ బట్టను నలుగురికీ చూపించాలని తపించేవాడు. పెళ్లిళ్ల సీజనుకు మూగా చీరలు, అంటే అస్సాం బంగారు రంగు పట్టు చీరలు, కావాలని కొన్ని ఇళ్లకు ఆర్డరిచ్చాడు. మూగా పురుగు మల్బరీ పురుగులాగా ఇంట్లో తట్టల్లో పెరిగేది కాదు. సోమ్ చెట్ల మీద, సోవాలు చెట్ల మీద ఆరుబయట పెరుగుతుంది. వానకూ ఎండకూ పిట్టలకూ గురవుతుంది, పక్కనున్న తేయాకు తోటలో మందు కొడితే చచ్చిపోతుంది. పంట పోయిన ఏడు నూలు ధర మండిపోతుంది, ఆ ఏడు అదే జరిగింది. నేతగాళ్లు ధర పెంచమన్నారు, ఆయన అప్పటికే ఇక్కడి దుకాణాలకు మాట ఇచ్చేసి ఉన్నాడు. నిలువు పోగుల పడుగు చవకైన దసలి పట్టుతో వేసి అడ్డం పోగుల పేకలో మాత్రం మూగా వాడండి, బంగారు రంగు అద్దితే కలిసిపోతుంది అని వాళ్లకు నచ్చజెప్పాడు.

ఆ మగ్గాలలో ఒకదాని యజమానురాలు నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, అరచేతిలో రెండు పోగులు పక్కపక్కన పెట్టి చూపించింది. నేను మగ్గం ఇంట్లో పుట్టిన దాన్నే అయినా తేడా పట్టలేకపోయాను. కాల్చి చూద్దామా అన్నాను, ఆమె నవ్వింది. నిజమే, దసలి కూడా పట్టే, రెండూ కాలిన వెంట్రుకల వాసనే వేస్తాయి. తర్వాత ఆమె నీళ్ల గిన్నె తెప్పించి రెంటినీ తడిపి, వేళ్ల మధ్య గట్టిగా నలిపింది. ఒక పోగు నుంచి పసుపు నీళ్లలోకి దిగింది, రెండోది ఇంకా మెరిసింది. మూగాకు ఆ రంగు పుట్టుకతో వచ్చేది, ఉతికిన కొద్దీ నిగ్గు తేలుతుంది. మీ ఊరి ఆడవాళ్లు చీర ఉతకరా అని మాత్రం అడిగింది. అయినా నేసి ఇచ్చింది. బియ్యం కొనాలి కదా.

ఇక్కడి ఆడవాళ్లు ఉతికారు. చీరలు తిరిగొచ్చాయి, దుకాణాలు డబ్బు ఆపాయి, ఆయన అటువైపు రావడం మానేశాడు. సగం నేసిన పడుగులు మగ్గాల మీదే ఉండిపోయాయి, నూలు వ్యాపారి అప్పు ఇళ్ల మీద పడింది, కూలికి నేసే అమ్మాయిలు సొంత ఊళ్లకు వెళ్లిపోయారు. అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, మరుసటి ఏడు నికార్సయిన మూగా ఇక్కడికి వస్తే దాన్ని కూడా ఎవరూ నమ్మలేదు. ఆయన నేయించిన బట్టలో తప్పు లేదు తల్లీ. పడుగు దసలి, పేక మూగా అని చీటీ మీద రాసి, దానికి తగిన ధర పెట్టి ఉంటే ఇంకా చాలామంది కొనుక్కునేవారు. ప్రతి చీరకూ పడుగు ఏమిటో పేక ఏమిటో విడివిడిగా రాసి పెట్టు. మూగా నూలు కిలో పదుల వేల రూపాయలు పలుకుతున్నప్పుడు మూగా చీర చవకగా ఇస్తామని ఎవరన్నా అంటే ఆ గుమ్మం తొక్కకు.

ఇది ఒక్క వ్యాపారి కథ అనుకోకు. బెనారస్ నుంచి వచ్చిన నకిలీ మేఖలా చాదర్‌లను తమ ఊరి పేరుతో అమ్ముతున్నారని 2013లో సువాల్‌కుచి నేతగాళ్లు వీధుల్లోకి వచ్చి వాటిని తగలబెట్టారు. 2023లో అస్సాం ప్రభుత్వం మరమగ్గాల మీద నేసిన గామోసాల, మేఖలా చాదర్‌ల అమ్మకాన్ని నిషేధించింది. పోచంపల్లి చీర పేరుతో ప్రింటు చీరలు అమ్ముడుపోవడం చూస్తూ పెరిగిన దానివి, వాళ్ల కడుపు మంట ఎలాంటిదో నీకు వేరే చెప్పనక్కర్లేదు.

నువ్వు బృందావనీ వస్త్రం బొమ్మను నీ దుకాణానికి గుర్తుగా పెట్టుకుంటావని మీ నాన్న చెప్పాడు. పెట్టుకో. కానీ దాని సంగతి పూర్తిగా తెలుసుకుని పెట్టుకో. 16వ శతాబ్దంలో అస్సాం వైష్ణవ గురువు శంకరదేవుడు దగ్గరుండి బర్పేట నేతగాళ్లతో కృష్ణలీలలన్నీ పట్టులో నేయించాడని చెబుతారు. ఆ తర్వాత 17వ శతాబ్దంలో నేసిన అలాంటి వస్త్రాలలో మిగిలిన పెద్దది టిబెట్ మీదుగా లండన్ చేరి ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో భద్రంగా ఉంది. దాన్ని నేసిన పద్ధతి మాత్రం అస్సాంలో ఎప్పుడో అంతరించింది. ప్రపంచం మెచ్చుకుని అద్దాల పెట్టెలో పెట్టుకున్నా నేత బతకలేదు. అందుకే చెబుతున్నాను, నీ మొదటి కొనుగోలుదారులు హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో కాదు, జోర్హాట్‌లో, నల్బారిలో, ఢిల్లీలో ఉద్యోగాలు చేసుకునే అస్సామీ కుటుంబాలలో ఉండాలి. బిహుకు ఇంట్లో నేసుకునే తీరిక లేక మరమగ్గపు గామోసా కొంటున్న ఆడవాళ్లకు చేనేతది సమయానికి అందించు. చీరల ఎగుమతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

అస్సాంలోని మీ అత్తగారికి మగ్గం వచ్చని విన్నాను. ముందు ఆవిడ దగ్గర కూర్చుని ఒక్క గామోసా అయినా నీ చేత్తో నెయ్యి. మన ఆసు మీద పోగులు తిప్పిన చేతి వాటం నీకు ఉంటే ఉండవచ్చు కానీ అక్కడి పూల లెక్క వేరు. పేకలో అదనపు పోగు పెట్టి పువ్వు తీస్తారు, లెక్క తప్పితే పువ్వు వంకర పోతుంది. అది నీ చేతుల్లో వంకర పోతేనే రేపు బేరమాడబోయేటప్పుడు నీ నోరు అదుపులో ఉంటుంది.

బ్రహ్మపుత్ర నడుమ ఉన్న మాజులీ దీవికి వెళ్లి సామగురి సత్ర అనే వైష్ణవ మఠంలో మాస్కులు కూడా తీసుకుంటావట. వెదురు అల్లిక మీద బంకమట్టిలో ముంచిన గుడ్డలు అతికి, మట్టీ పేడా పూసి చేసే ఆ రాక్షస ముఖాలు నాకూ ఇష్టమే. సత్రల్లో ఆడే భావనా అనే పురాణ నాటకంలో అవి కదులుతుంటే చూడాలి. అక్కడ ఆ కళను నేర్పుతున్న హేమచంద్ర గోస్వామికి 2023లో పద్మశ్రీ వచ్చింది. గోడకు తగిలించే చిన్న మాస్కులు అమ్ముకో, ఆ డబ్బుతోనే వాళ్లు పెద్దవి చేస్తారు. కానీ మాజులీ నుంచి నిమాతి ఘాట్ రేవుకు తిరిగివచ్చే చివరి పడవ ఎక్కవద్దు. 2021 సెప్టెంబరులో అక్కడే రెండు పడవలు ఢీకొన్నాయి. బ్రహ్మపుత్ర మన గోదావరి కాదు, అవతలి ఒడ్డు కనిపించదు. చీకటి పడితే మాజులీలోని కమలాబారిలోనే ఉండిపో, ఎవరో ఒకరు అన్నం పెడతారు. ఈ ఒక్క మాటలో నన్ను ముసలిదాని చాదస్తం అని అనుకోకుండా విను.

నూలు ఎంత, నేసిన అమ్మాయికి కూలి ఎంత, యజమానికి ఎంత, నీకు మిగిలేది ఎంత అని నీ మొదటి మేఖలా చాదర్ లెక్క కాగితం మీద రాసి నాకు పంపు. మీ మామయ్యకు లెక్కలు చూడటం ఇప్పటికీ సరదాయే. అంతా సరిగా ఉంటే జనవరిలో మాఘ బిహుకు మేమిద్దరం వస్తాం. అక్కడి మేజి మంటలు మన భోగికి దగ్గర్లోనే వస్తాయి కనుక సంక్రాంతికి మీ నాన్నను కూడా వెంటబెట్టుకుని వస్తాను.

మీ అత్త